విత్తనం నుండి శాసనం వరకు: డాక్టర్ స్వామినాథన్ – కొరాపుట్ కొండ నేల

కొరాపుట్, రాయగడ జిల్లాల కొండవాలులలో పండే ప్రతి వరి వెన్ను వెనుక అనేక తరాల గిరిజనుల శ్రమ ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో అంతర్భాగం. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుండి విడివడి రాయగడ వేరు జిల్లా అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర విద్యకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ అందించిన భూరి విరాళాల మూలంగా ఈ నేల పేరు తెలుగువారి విద్యాచరిత్రలో శాశ్వతంగా నిలిచింది. వృక్షశాస్త్ర చరిత్రలో దీనికి మరొక విశిష్టత ఉన్నది. వరి రకాల వైవిధ్యానికి జయపురం ప్రాంతం ఒక ప్రధాన కేంద్రమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ వైవిధ్యాన్ని కాపాడిన రైతుల పక్షాన అటు ప్రయోగశాలలోను, ఇటు రాజ్యసభలోను మాట్లాడిన శాస్త్రవేత్త డాక్టర్ మంకొంబు సాంబశివన్ స్వామినాథన్.

ఆయన 1925 ఆగస్టు 7న తమిళనాడులోని కుంభకోణంలో జన్మించారు. తండ్రి సాంబశివన్ వైద్యుడు, గాంధీజీ అనుయాయి. కుమారునికి పదకొండేళ్ళ వయస్సులోనే ఆయన కాలధర్మం చెందారు. తండ్రి బాటలో వైద్యవిద్య అభ్యసించవలసిన బాలుని మనస్సును 1943 నాటి బెంగాల్ కరువు మార్చివేసింది. ఆకలితో లక్షలాది జనం మరణించిన దేశంలో రోగానికి మందు ఇవ్వడం కంటె ముందు అన్నం పండించడం అవసరమని తలచి, ఆయన కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చేరారు. ఇండియన్ పోలీస్ సర్వీసుకు ఎంపికైనప్పటికీ ఆ ఉద్యోగం కాదని హాలెండు వెళ్ళి బంగాళాదుంప జన్యుశాస్త్రాన్ని పరిశోధించారు. 1952లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందారు. అమెరికాలో లభించిన అధ్యాపక పదవిని స్వీకరించక 1954లో స్వదేశానికి తిరిగివచ్చారు.

ఆయన మొదట పనిచేసినది కటక్‌లోని కేంద్రీయ వరి పరిశోధన సంస్థలో. బెంగాల్ కరువు నేర్పిన గుణపాఠంగా 1946లో నెలకొన్న ఆ సంస్థకు తొలి సంచాలకులు కె. రామయ్య. ఆయన కూడా తరువాతి కాలంలో రాజ్యసభ సభ్యులైన వరి శాస్త్రజ్ఞులే. స్వామినాథన్ అక్కడ కొద్ది నెలలు మాత్రమే ఉండి ఢిల్లీకి తరలివెళ్ళారు. ఆ తరువాత, 1955–59 మధ్య అదే సంస్థ పరిశోధకులు జయపురం ప్రాంతమంతటా సర్వే జరిపి పదిహేడు వందలకు పైగా వరి రకాలను సేకరించారు. మెట్ట భూమికి ఒకటి, లోతట్టు పొలానికి ఒకటి, వానలు ఆలస్యమైన ఏటికి మరొకటి, పండుగనాటి పరమాన్నానికి వేరొకటి. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని గిరిజన స్త్రీలు వెన్నులు ఏరి, విత్తనం దాచి, ఇరుగుపొరుగులకు పంచి నిలిపిన సంపద అది.

ఇంతలో దేశం మరొక మార్గం పట్టింది. అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూడవలసిన దుస్థితి నుండి బయటపడేందుకు నార్మన్ బోర్లాగ్ రూపొందించిన పొట్టి గోధుమ రకాలను స్వామినాథన్ బృందం భారతీయ క్షేత్రాలకు అనుగుణంగా తీర్చిదిద్దింది. 1964లో సుమారు 120 లక్షల టన్నులున్న గోధుమ దిగుబడి 1968లో సుమారు 170 లక్షల టన్నులకు చేరింది. ఆ విజయోత్సాహం నడుమనే, 1968 జనవరిలో వారణాసిలో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసులో ఆయన ఒక హెచ్చరిక చేశారు. విచక్షణ లేకుండా రసాయనాలు వాడినా, స్థానిక రకాలన్నింటినీ తొలగించి ఒకటి రెండు రకాలనే విస్తారంగా సాగుచేసినా వ్యవసాయానికి గొప్ప విపత్తు తప్పదన్నది దాని సారాంశం. హరిత విప్లవ సారథి ఆ విప్లవపు ప్రమాదాన్ని అంత ముందుగా గుర్తించడం గమనించదగిన విషయం.

ఆ హెచ్చరిక కొరాపుట్‌లో నిజమయింది. సర్వే జరిగిన నాలుగు దశాబ్దాలకు ఈ కొండలలో మిగిలిన వరి రకాలు ఆనాటి సంఖ్యలో కొద్ది భాగమే. 1987లో లభించిన ప్రప్రథమ ప్రపంచ ఆహార బహుమతి ధనంతో స్వామినాథన్ 1988లో చెన్నైలో పరిశోధన సంస్థను స్థాపించారు. అనంతరం ఆ సంస్థ జయపురం కేంద్రంగా గ్రామాలలో విత్తన, ధాన్య నిధులను ఏర్పరచింది. కాలాజీర, మచ్ఛకంట, హలదిచుడి వంటి రకాలను రైతులతో కలిసి మెరుగుపరచింది. ఈ కృషిలో ముందు నిలిచిన మహిళ బొయిపరిగుడ సమితి పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి. వందకు పైగా దేశవాళీ రకాలను కాపాడిన ఆమె 2018లో ఒడిశా రాష్ట్ర ప్రణాళికా మండలిలో సభ్యురాలైన తొలి గిరిజన మహిళ. 2019లో పద్మశ్రీ అందుకొని, 2024 జూలై 20న పరమపదించారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఇచ్చిన ప్రపంచ ప్రాముఖ్య వారసత్వ గుర్తింపు 2012 జనవరిలో భువనేశ్వర్ విజ్ఞాన కాంగ్రెసులో ప్రకటితమయింది. 2024లో కొరాపుట్ కాలాజీర బియ్యానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

పాత విత్తనం కేవలం జ్ఞాపకచిహ్నం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొందిన స్వర్ణ వరి తెలుగు రైతులకు చిరపరిచితం. ఒడిశా దేశవాళీ వరి నుండి ఎంపిక చేసిన ఎఫ్ఆర్13ఏ రకంలోని ముంపు తట్టుకొనే గుణాన్ని దానిలో ప్రవేశపెట్టగా, సుమారు రెండు వారాలు నీట మునిగినా బ్రతికే స్వర్ణ–సబ్1 లభించింది. ఎవరో ఒక రైతు కుటుంబం ఆనాడు ఆ గింజను దాచి ఉంచకపోతే ఈనాడు లక్షల ఎకరాలకు ఆ రక్షణ ఉండేది కాదు.

మరి దాచినవారికి దక్కినదేమిటి? స్వామినాథన్‌ను రాజకీయ రంగంలోకి నడిపించిన ప్రశ్న ఇదే. ఆయన ఏ పక్షానికీ చెందలేదు, ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు. కాని 1980 నుండి ప్రణాళికా సంఘంలో పనిచేసినవారికి చట్టబలం లేని శాస్త్రం రైతు గడప దాటదని తెలుసు. మొక్కల రకాలపై రైతుల హక్కుల విషయమై ఆయన సంస్థ 1990వ దశకంలో ముసాయిదా సిద్ధం చేసింది. 2001లో పార్లమెంటు చేసిన చట్టం విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కును రైతుకు ఇచ్చింది. 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్‌కు అధ్యక్షులై 2006 నాటికి ఐదు నివేదికలు సమర్పించారు. సగటు ఉత్పత్తి వ్యయంపై కనీసం యాభై శాతం అదనంగా మద్దతు ధర ఉండాలన్న సిఫారసు వాటిలో సుప్రసిద్ధం. ఏ వ్యయాన్ని లెక్కించాలన్న వివాదం మాత్రం తీరలేదు. 2007 నుండి 2013 వరకు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులుగా ఉండి, పేరిట భూమి లేకున్నా సేద్యం చేసే స్త్రీని రైతుగా గుర్తించాలని 2012లో సొంతంగా బిల్లు ప్రవేశపెట్టారు. ఆయన పదవీకాలంతో పాటు ఆ బిల్లు కూడా ముగిసిపోయింది.

విమర్శలు లేకపోలేదు. తరిగిపోయిన వైవిధ్యానికి హరిత విప్లవమే కారణమని నిందించేవారు అనేకులు. రాయగడ జిల్లాలోని కెరండిగుడలో వెయ్యికి పైగా దేశవాళీ వరి రకాలను ఏటేటా పొలంలోనే పండించి, రైతులకు ఉచితంగా పంచిపెట్టే పర్యావరణవేత్త దేబల్ దేబ్ అటువంటి విమర్శకులలో ప్రముఖులు. మార్గాలు భిన్నమైనా విత్తనం రైతు చేతిలోనే నిలవాలన్న చోట ఇరువురి కృషీ కలుస్తుంది.

2023 సెప్టెంబరు 28న చెన్నైలో స్వామినాథన్ తనువు చాలించారు. మరుసటి సంవత్సరం భారతరత్న ప్రకటితమయింది. గోధుమతో దేశానికి అన్నం సమకూర్చినవారిగా చరిత్ర ఆయనను స్మరిస్తుంది. అయితే ఆయన రాజ్యసభలో కోరిన గుర్తింపు కొండవాలుపై చోళ్లు, సామలు, వరి పండించే స్త్రీకి ఇంకను అందవలసే ఉన్నది. ఇంటి గాదెలోని విత్తనం పేరును తాతమ్మలను అడిగి వ్రాసి ఉంచే బాలబాలికలు, ఆ పేరును మరువనీయని తల్లిదండ్రులు ఈ చరిత్రకు కొనసాగింపు కాగలరు.