ఓరుగల్లులో రాత్రి బస

హనుమకొండ నక్కలగుట్టలో ఉన్న పర్యాటక శాఖ హోటల్ పేరు హరిత కాకతీయ. హైదరాబాద్ బేగంపేటలో ఐటీసీ వాళ్ల పెద్ద హోటలుకూ కాకతీయ అనే పేరే. ఇలా బోర్డుల మీద పేరు నిలిచింది గానీ, కాకతీయ రాజు పడుకున్న గది అని చూపడానికి ఒక్కటీ లేదు. రాజస్థాన్ కోటల్లో రెండు రాత్రులు గడిపి వచ్చినవాళ్లు ఖిలా వరంగల్‌లో దిగగానే అడిగేది అదే: రాజుగారి ఇల్లేదీ?

కోట నడిమధ్యన నాలుగు కీర్తి తోరణాలు నిలబడి ఉన్నాయి. అవి స్వయంభూ శివుడి గుడివి. గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. చుట్టూ 45 బురుజుల రాతికోట, దాన్ని ఆనుకొని అగడ్త, ఆ పైన మట్టికోట. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ దండు ఈ కోటను ముట్టడించింది. ఆ మట్టికోట గట్టిదనం గురించి ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో ఆశ్చర్యపోతూ రాశాడు. ఉక్కు బల్లెం కూడా దిగలేదట, విసిరిన గుండ్లు తగిలి వెనక్కి ఎగిరాయట. ఇంత కోట కట్టించినవాళ్ల నివాసం ఆనవాలు లేకుండా ఎలా పోయింది? ఆ రోజుల్లో దక్కనులో రాయి ఎక్కువగా గుడికీ కోటకీ వాడేవాళ్లు. మనుషులుండే మేడలకు రాతి పునాది వేసి, పైన కర్ర, ఇటుక, మట్టి, గచ్చుతో లేపేవాళ్లు. హంపీలో చూసినా అంతే. గుళ్లు గుళ్లలాగే నిలిచాయి, రాజభవనాలున్న చోట మాత్రం తిన్నెలే మిగిలాయి.

ఓరుగల్లుకు ఇంకో దెబ్బ తగిలింది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా ఆయన దారిలో నర్మదా తీరాన ప్రాణం విడిచాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఆ తర్వాత ఆ వంశంవాళ్లెవరూ ఆ ఇళ్లలో కాపురం ఉండలేదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. కోట హోటల్ కావాలంటే గోడలు నిలిస్తే చాలదు. నిన్నమొన్నటి దాకా దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి, పైకప్పు కురిస్తే పెంకు సర్దే చెయ్యి ఉండాలి. ఉదయపూర్ పిచోలా సరస్సులోని జగ్‌నివాస్ మేవాడ్ రాణాల చేతిలోనే ఉండి 1963లో హోటలైంది. 15వ శతాబ్దపు నీమ్రాణా కోట పాడుబడిపోయినా, కొనుక్కున్నవాళ్లు ఏళ్ల తరబడి బాగుచేయించి 1991లో అతిథులకు తలుపులు తెరిచారు. స్పెయిన్‌లో ఈ పని ప్రభుత్వమే నెత్తినెత్తుకుంది. పారదోర్ అనే ప్రభుత్వ హోటళ్లు అక్కడ 1928లో మొదలై పాత కోటలకూ మఠాలకూ పాకాయి. ఓలీతె అనే చిన్న ఊళ్లో నవార్రా రాజుల పాత కోటలోనే ఇవాళ గది దొరుకుతుంది.

తెలుగు నేల మీద అలాంటి గది హైదరాబాద్ ఫలక్‌నుమాలో దొరుకుతుంది. అది మధ్యయుగాలది కాదు. పైగా వంశపు అమీర్ వికారుల్ ఉమ్రా 1884లో తనకోసం పునాది వేయించుకున్న భవనం. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు చేరింది. 1911లో ఆయన కన్నుమూసింది కూడా అక్కడే. దేశం స్వతంత్రమయ్యాక చాలా ఏళ్లు తలుపులు మూసుకొని ఉండిపోయింది. తాజ్ సంస్థ లీజుకు తీసుకున్నాక, నిజాం కుటుంబపు ఎస్రా బేగం దగ్గరుండి చూసుకోగా, మరమ్మతులకే సుమారు పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో హోటలైంది. నూటొక్కమంది ఒకే బల్ల దగ్గర కూర్చొని తినే భోజనాల గది అలాగే ఉంది. ఎవరో ఒకరి ఆస్తిగా ఉండబట్టే ఆ బల్ల మిగిలింది.

సంస్థానాల కోటల దారి వేరు. వనపర్తి రాజుగారి మేడ పాలిటెక్నిక్ కాలేజీ అయింది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది. దోమకొండ గడిని వారసులే బాగుచేయించుకున్నారు. దానికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది.

ఓరుగల్లు కోటలో పైదాకా గోడలతో నిలిచిన దర్బారు ఒక్కటే, కుష్‌మహల్. 16వ శతాబ్ది తొలినాళ్లలో ఓరుగల్లునేలిన షితాబ్‌ఖాన్ కట్టించాడని వాడుక. కట్టడం తీరు చూసిన పండితులు కొందరు ఇది తుగ్లకుల నాటిదంటారు. కింద వెడల్పుగా మొదలైన గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. లోపల అడుగు పెడితే వరసగా పెద్ద కమానులు, నేల మధ్యలో చిన్న నీటి తొట్టి. ఎండన పడి వచ్చినవాళ్లకు ఆ చల్లదనం మొదట అరికాళ్లకు తెలుస్తుంది. గోడల పక్కన, కోటలో దొరికిన విగ్రహాలు నిలబెట్టి ఉన్నాయి. ఇక్కడ మంచం వేయకూడదు, వేయనక్కర్లేదు కూడా. చూసి, కాసేపు కూర్చొని రావాల్సిన చోటది.

కోటలో రాత్రిళ్లు నిద్రపోయేవాళ్లు లేరని కాదు. రాతికోట లోపల ఊరుంది. ఇళ్లు, బావులు, బడి, పొలాలు అన్నీ ఉన్నాయి. శత్రువు నేరుగా దూసుకు రాకుండా వంకర తిప్పి కట్టిన కోట దర్వాజాల్లోంచే ఆటోలూ ట్రాక్టర్లూ మెల్లగా మలుపు తిరిగి వెళ్తుంటాయి.

మరి ఆనాడు ఓరుగల్లుకు వచ్చిన బాటసారి ఎక్కడ తిన్నాడు? దీనికి మాత్రం సాక్ష్యం నిక్షేపంలా ఉంది. 15వ శతాబ్ది తొలి రోజుల నాటిదిగా చెప్పే ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వినుకొండ వల్లభరాయుడిదని చెప్పే ఆ పుస్తకంలో ప్రతాపరుద్రుడి కొలువు కన్నా ఊరి వాడలే ఎక్కువ కనిపిస్తాయి. వాళ్లకు ఆకలేస్తే లక్ష్మణవజ్ఝల గారి పూటకూళ్ల ఇల్లు గుర్తొస్తుంది. అక్కడ ఒక్క రూక ఇస్తే సన్నన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుకోవడానికి నాలుగైదు రకాలు, గడ్డపెరుగు. ఏడాదికి ఎన్ని శాసనాలు వేశారో లెక్క కట్టవచ్చు గానీ, ఒక పూట విస్తట్లో ఏం పడిందో, దానికి ఎంత తీసుకున్నారో ఇంత వివరంగా చెప్పే చోటు మన చరిత్రలో అరుదు. ఆ తర్వాత ఐదొందల ఏళ్లకు గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ కనిపిస్తుంది. మన హోటళ్లకు తాతముత్తాతలు ఈ ఇళ్లే.

డబ్బు లేనివాళ్లకు సత్రం ఉండేది. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది, రుద్రమదేవి కాలానిది. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చిన సంగతి అందులో ఉంది. ఆ రాబడిలోంచి మఠం, చదువుకునే పిల్లల తిండి, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడవాలని ఏర్పాటు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా వచ్చినవారందరికీ అన్నం పెట్టాలి. కులం పేరున పంక్తులు విడదీసిన కాలంలో రాతి మీద చెక్కించిన మాట అది. ఆ మాట చదివినప్పుడు రాజభవనం నిలవలేదన్న బెంగ సగం తగ్గుతుంది.

ఇక కాకతీయుల వంశం సంగతి. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తరు అడవులకు వెళ్లి రాజ్యం నిలిపాడని ఆ వంశీకుల కథనం. వాళ్ల ఇల్లు జగదల్‌పూర్‌లో ఉంది. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి ఆ ఇంటి వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ వరంగల్ వచ్చారు. ఊరు దండలతో ఎదురెళ్లింది. కాకతీయ వారసుడు కాకతీయుల ఊరికి అతిథిగా వచ్చాడు.

కాకతీయుల నీడన ఒక రాత్రి గడపాలన్న కోరిక తీరే చోటు ఇవాళ ములుగు జిల్లాలో ఉంది, చెరువుల దగ్గర. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు, దాని ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలు. లక్నవరంలో అయితే చెరువు మధ్య దీవిలోనే గదులు, వేలాడే వంతెన మీద నడిచి వెళ్లాలి. ఆ చెరువులూ కాకతీయుల నాటివే. మేడ కూలితే ఎత్తి కట్టే చెయ్యి కరువైంది గానీ, చెరువు కట్ట తెగితే ఊరంతా తట్ట పట్టుకొని వచ్చేది. అందుకే కట్ట నిలిచింది.

రామప్ప చెరువు గట్టున తెల్లారగట్ల లేచినవాళ్లకు ముందు వినిపించేది నీళ్ల చప్పుడు. తూము ఎత్తితే కాలువలో పడ్డ నీళ్లు పాలంపేట వరిమళ్లకు పోతుంటాయి. ఒడ్డున ఎవరో ఒక రైతు పార భుజాన వేసుకొని, మడికి నీళ్లెక్కాయో లేదో చూసుకుంటూ నిలబడి ఉంటాడు.