వరూధినికి ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని చెనిక్కాయలు ఒలుచుకోవడం ఈమధ్య నాకు బాగా అలవాటైంది. వింటున్నవి అమెరికా రచయిత్రి షార్లేన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ కథలు. 2001లో మొదలై 2013 దాకా మొత్తం 13 నవలలు. లూసియానాలో బాన్ టాంప్స్ అనే కల్పిత ఊరు, మన కమలాపురం మాదిరే అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరు. అక్కడి బారులో వడ్డించే అమ్మాయి సూకీ. ఎదుటివాళ్ల మనసులో మాటలు ఆమెకు వినపడుతుంటాయి. రక్తపిశాచాల మనసు మాత్రం వినపడదు. అందుకే బిల్ అనే రక్తపిశాచి పక్కన కూర్చుంటే ఆమెకు తల తేలికవుతుంది. అక్కడే ప్రేమ పుడుతుంది.

మా అత్తకు ఇంగ్లీషు రాదు. రాత్రి అన్నాలప్పుడు ఆరోజు విన్నదంతా నేను తెలుగులో చెప్పాల్సిందే. ఇక్కడొక గుట్టు విప్పుతున్నాను, వినబోయేవాళ్లు మన్నించాలి. 2006లో వచ్చిన ఆరో నవలలో ఒక చేదు నిజం బయటపడుతుంది. బిల్ ఆ ఊరికి తనంతట తాను రాలేదు. సూకీని వలలో వేసుకొమ్మని రక్తపిశాచాల రాణి పంపితే వచ్చాడు.

అత్త చేతిలో ముద్ద అట్లే పట్టుకుని అడిగింది. "ఆ పాపకు ఈ సంగతి తెలిసిందా లేదా?"

"తెలిసింది అత్తా. అతని నోటితోనే చెప్పించినారు."

"మేలు. మన వరూధినికి ఎవురూ చెప్పలే."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే వరూధిని మనకు పరాయిది కాదు. ఆమె కథను కావ్యంగా రాసిన అల్లసాని పెద్దనకు శ్రీకృష్ణదేవరాయలు ఇచ్చిన అగ్రహారాల్లో కోకటం ఒకటి. ఆ కోకటం మా కమలాపురం మండలంలోనే ఉంది. రాయలు పోయాక దుఃఖంతో చెప్పిన చాటుపద్యంలో పెద్దన ఆ ఊరి పేరు తలుచుకున్నాడు. మనుచరిత్రను అందుకున్నప్పుడు రాయలే తన పల్లకిని చేత్తో పట్టి ఎత్తిన సంగతీ అందులోనే చెప్పుకున్నాడు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. అంటే ఈ కథకు 500 ఏళ్లు.

ఇదీ చిన్న ఊళ్లో మొదలయ్యే కథే. అరుణాస్పదపురంలో ప్రవరుడనే గృహస్థు. భార్య సోమిదమ్మ, ఏ వేళకు అతిథి వచ్చినా వండి పెట్టే ఇల్లాలు. ఒక సిద్ధుడు ఇచ్చిన పసరు కాళ్లకు పూసుకుని ప్రవరుడు హిమాలయాలకు ఎగిరిపోతాడు. మంచుకు పసరు కరిగిపోతుంది. దారి అడగబోతే వరూధిని అనే అప్సరస అతన్ని ప్రేమిస్తుంది. అతను కాదని, అగ్నిదేవుణ్ని వేడుకుని ఇల్లు చేరతాడు.

మనలో చాలామందికి కథ ఇంతవరకే తెలుసు. అసలు సంగతి తర్వాత ఉంది. అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుడి రూపం ధరించి వస్తాడు. ఈ కథకు మూలమైన మార్కండేయ పురాణంలో వాడొక షరతు కూడా పెడతాడు, కలయిక వేళ ఆమె కళ్లు మూసుకోవాలని. కొన్నాళ్లకు ఏదో సాకు చెప్పి వెళ్లిపోతాడు. ఆమె కడుపున స్వరోచి పుడతాడు. స్వరోచి కొడుకే రెండో మనువు, స్వారోచిషుడు. మూడు తరాలు నడిచే ఈ కథంతటికీ మొదలు ఒక ఆడదానికి జరిగిన మోసం. అది మోసమని ఆమెకు తెలియనే తెలియదు.

మా అత్త ఈ కథ చదివింది కాదు, చిన్నప్పుడు గుళ్లో పురాణం చెప్తుంటే విన్నది. తాటాకు పుస్తకాల కాలంలో ప్రతులు ఎందరి దగ్గరుంటాయి? ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ అలాంటి తాటాకు ప్రతులు సేకరించి, పండితుల చేత సరిచూయించాడు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య చేత వ్యాఖ్యానం రాయించాడు. ఆ తర్వాతే ఇలాంటి కావ్యాలు అచ్చుపుస్తకాలుగా ఇళ్లకు చేరడం మొదలైంది. అక్షరాలు రాని ఆడవాళ్లకు మాత్రం చెవే పుస్తకం.

ఇన్నేళ్లూ బడిలో, సభల్లో ప్రవరుడి నిష్ఠను మెచ్చుకోవడమే నేను విన్నాను. వరూధినిది అదుపులేని కోరిక అన్నారు. మాయప్రవరుడి తప్పు గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు నాకు తగల్లేదు. మా అత్త మాత్రం గుడి అరుగు మీద విన్న రోజు నుంచీ ఆ ప్రశ్న మనసులో దాచుకునే ఉన్నట్టుంది. అడగడానికి 60 ఏళ్ల తర్వాత సూకీ అనే పిల్ల రావాల్సి వచ్చింది.

దయ్యాల ప్రేమకథలు వింటూ పొద్దు పుచ్చుతున్నానని మా ఇంట్లో మగవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. సూకీ ఏడ్చింది, కానీ నిజం తెలిసి ఏడ్చింది. ఆ తర్వాత ఎవరిని నమ్మాలో తానే తేల్చుకుంది. ఆ హక్కు ఆమెకు రాసిచ్చింది ఒక రచయిత్రి.

ఈ ఆదివారం కోకటం పోయొద్దామని అత్త అంటోంది. అక్కడేముంది అత్తా అంటే, "ఏముంటే ఏమి, ఆ పెద్దాయన ఊరు చూసొద్దాం, అడగాల్సింది ఒకటుంది" అంది.