ప్రభుత్వ గ్రాంట్ల నిర్వహణ, ఆడిట్: మారుతూ వచ్చిన నిబంధనలు

హనుమకొండ: ప్రజాధనం గ్రాంటు రూపంలో ఒక విద్యాసంస్థకు గానీ, గ్రామ పంచాయతీకి గానీ చేరిన తరువాత ఆ సొమ్ముకు జవాబుదారీ ఎవరు, లెక్క ఎప్పటిలోగా అప్పగించాలి, అప్పగించకపోతే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు గడచిన రెండు దశాబ్దాలలో ప్రభుత్వ నిబంధనలు ఇచ్చిన సమాధానం క్రమంగా మారుతూ వచ్చింది. ఒకప్పుడు సొమ్ము ముందు వచ్చేది, లెక్క వెనుక వచ్చేది. 2021 తరువాత అనేక గ్రాంట్ల విషయంలో ఈ వరుస తిరగబడింది. పాత లెక్క ఆడిట్ అయి ప్రజలకు కనిపించే చోట చేరితేనే కొత్త విడత విడుదలయ్యే ఏర్పాటు వచ్చింది. ఈ మార్పు పూర్వాపరాలను పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

గ్రాంటు అప్పు కాదు, తిరిగి చెల్లించనక్కర లేదు. అయితే అది షరతులు లేని దానమూ కాదు. నిర్దిష్ట ప్రయోజనం నిమిత్తం మంజూరైన సొమ్మును ఆ ప్రయోజనానికే వినియోగించాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుని శాసనం ఆలయానికి జరిగిన గ్రామదానాన్ని రాతిపై నమోదు చేసింది. ఇచ్చినది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు, దేని నిమిత్తం అన్నవి అందరికీ కనిపించే చోట ఉంచడం ఆనాటి పద్ధతి. నేటి మంజూరు ఉత్తర్వులో ఉండవలసినవీ అవే. ఆడిట్ షరతు ఒక్కటే అదనం.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు తొలుత 1947లో వెలువడ్డాయి. 1963లో, 2005లో, తిరిగి 2017 మార్చిలో వాటిని సవరించి కొత్తగా జారీ చేశారు. రాష్ట్ర ప్రభుత్వ నిధులకు రాష్ట్ర ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ వర్తిస్తాయి. కేంద్ర గ్రాంటు పొందే సంస్థ మాత్రం సాధారణ ఆర్థిక నిబంధనలలోని గ్రాంట్ల అధ్యాయాన్ని పాటించక తప్పదు. 2017 నిబంధనల ప్రకారం, అదే ప్రయోజనానికి వేరొక శాఖ నుంచి గ్రాంటు పొందలేదని, కోరలేదని సంస్థ ధ్రువీకరించాలి. గ్రాంటు సొమ్ముపై బ్యాంకులో వచ్చిన వడ్డీని లెక్కలు ఖరారైన వెంటనే కేంద్ర సంచిత నిధికి జమ చేయాలి. గ్రాంటుతో సమకూర్చుకున్న ఆస్తులను మంజూరు చేసిన అధికారి అనుమతి లేనిదే అమ్మరాదు, వేరొక పనికి మళ్లించరాదు. సంస్థ లెక్కల పుస్తకాలు మంజూరు చేసిన అధికారి తనిఖీకి, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఆడిట్‌కు అందుబాటులో ఉండాలి.

వడ్డీ నిబంధన చూడడానికి చిన్నదే. ఆచరణలో దాని ప్రభావం పెద్దది. ఖర్చు కాని గ్రాంటును డిపాజిట్‌లో ఉంచి, వచ్చిన వడ్డీని సంస్థ స్వంత ఆదాయంగా చూపుకునే అలవాటుకు అది అడ్డుకట్ట వేసింది.

వినియోగ ధ్రువపత్రం ఆడిట్ కాదు

కార్యాలయ వ్యవహారంలో యు.సి. అని పిలిచే వినియోగ ధ్రువపత్రం విషయంలో తరచూ ఒక పొరపాటు అభిప్రాయం కనిపిస్తుంది. ధ్రువపత్రం అందితే లెక్క పూర్తయినట్లేనని భావించడం సరికాదు. అది సొమ్ము ఖర్చు చేసినవారు తాముగా ఇచ్చే వాంగ్మూలం. 2005 నిబంధనలలో దీని నమూనా 19-ఎ. 2017 నుంచి సంస్థలకు 12-ఎ, రాష్ట్ర ప్రభుత్వాలకు 12-సి నమూనాలు అమలులోకి వచ్చాయి. పునరావృతం కాని గ్రాంటుకు ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలలలోగా దీనిని సమర్పించాలి. ఎంత ఖర్చయింది అన్నదే గాక, అనుకున్న లక్ష్యం నెరవేరినదీ లేనిదీ, నెరవేరకపోతే కారణమేమిటో కూడా ఇందులో పేర్కొనాలి. ఈ రెండవ భాగాన్ని ఒక వాక్యంతో సరిపెట్టే ధ్రువపత్రాలకు కొదవ లేదు. గడువు దాటినా అందని ధ్రువపత్రాల ప్రస్తావన కాగ్ నివేదికలలో ఏళ్ల తరబడి పునరావృతమవుతూనే ఉంది.

ధ్రువపత్రం పైన ఇతరుల పరిశీలన ఉండాలన్నదే ఆడిట్ ఉద్దేశం. కాగ్ విధులు, అధికారాలు, సేవా నిబంధనల చట్టం 1971లో వచ్చింది. దాని 14వ సెక్షన్ ప్రకారం, ఒక సంస్థకు ఏడాదిలో అందిన గ్రాంటు లేదా రుణం 25 లక్షల రూపాయలకు తగ్గకుండా, సంస్థ మొత్తం వ్యయంలో 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఆ సంస్థ జమాఖర్చులను కాగ్ ఆడిట్ చేస్తారు. 15వ సెక్షన్ దృష్టి వేరు. నిర్దిష్ట ప్రయోజనానికి గ్రాంటు ఇచ్చిన అధికారి, షరతులు నెరవేరాయని ఏ పద్ధతిలో నిర్ధారించుకున్నారో అది పరిశీలిస్తుంది. అనగా పుచ్చుకున్నవారినే కాదు, ఇచ్చినవారినీ ప్రశ్నించే సెక్షన్ ఇది. పత్రికలలో దీని ప్రస్తావన అరుదు.

ఎవరి ఆడిట్ ఎవరిదో హనుమకొండ, వరంగల్ జంటనగరాలలోనే చూడవచ్చు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ఆరంభమై 2002లో జాతీయ హోదా పొందిన ఎన్.ఐ.టి. లెక్కలను పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం కాగ్ ఆడిట్ చేస్తారు. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం, నగర పాలక సంస్థ, గ్రామ పంచాయతీల లెక్కలు రాష్ట్ర ఆడిట్ శాఖ పరిధిలోకి వస్తాయి. పాతకాలపు ఉద్యోగులు నేటికీ ఎల్.ఎఫ్. ఆడిట్ అని పిలిచే ఈ శాఖకు 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టం ఆధారం. నష్టానికి బాధ్యులైన వారి నుంచి సర్‌చార్జి రూపంలో సొమ్ము రాబట్టే అధికారం ఆ చట్టంలో ఉంది.

వరంగల్ జిల్లా అనుభవం

ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఈ నిబంధనల మార్పు దూరపు విషయం కాదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం ఆరంభమైనప్పుడు తొలి విడతకు ఎంపికైన 13 ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో వరంగల్ ఒకటి. 2007 ఫిబ్రవరిలో ఆరంభమైన వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధిలోనూ ఈ జిల్లాకు చోటు లభించింది. ఆ నిధి కింద ప్రతి జిల్లాకు ఏటా 10 కోట్ల రూపాయల స్థిర మొత్తం, దానిపైన జనాభా, విస్తీర్ణాలను బట్టి అదనపు కేటాయింపు ఉండేది. గ్రామ, మండల, పట్టణ ప్రణాళికలను జిల్లా ప్రణాళికా సంఘం క్రోడీకరించేది. తదుపరి విడత కావాలంటే వినియోగ ధ్రువపత్రంతో పాటు సొమ్ము దుర్వినియోగం కాలేదని, మళ్లింపు జరగలేదని వేర్వేరు ధ్రువపత్రాలు జతపరచవలసి వచ్చేది. ధ్రువపత్రాల సంఖ్య పెరిగింది. వాటిపై సంతకం చేసేది మాత్రం వ్యయంతో సంబంధమున్న యంత్రాంగమే. 2015-16లో కేంద్రం ఈ నిధిని నిలిపివేసింది.

ఉపాధి హామీ పథకంలో ఇందుకు భిన్నమైన మార్గాన్ని రాష్ట్రం అనుసరించింది. చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీ జరగాలని నిర్దేశించింది. 2006లో ప్రయోగాత్మకంగా మొదలై, అనంతపురం జిల్లాలో భారీ ఎత్తున జరిగిన తనిఖీలతో ఈ ప్రక్రియ రాష్ట్రమంతటా స్థిరపడింది. కూలీల కుటుంబాలకు చెందిన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, వారి స్వగ్రామం కాని గ్రామాలకు పంపేవారు. వారు మస్టర్లను, కొలతల పుస్తకాలను తీసుకుని ఇంటింటికీ వెళ్లి, పుస్తకంలో ఉన్న పనిదినాలు, కూలీ చేతికి అందిన సొమ్ము సరిపోలుతున్నవో లేదో అడిగి తెలుసుకునేవారు. పనిస్థలానికి వెళ్లి కొలతలు తీసేవారు. ఫలితాలను గ్రామసభలోను, అనంతరం మండల కేంద్రంలో జరిగే బహిరంగ విచారణలోను చదివి వినిపించేవారు. ఊరిలో లేనివారి పేరుతో, మరణించినవారి పేరుతో నమోదైన మస్టర్లు ఆఫీసు ఫైలులో కూర్చుని చూసే ఆడిటర్‌కు తెలిసే అవకాశం లేదు. ఇరుగుపొరుగువారికి తెలుస్తుంది. ఈ తనిఖీ బలం అక్కడ ఉంది.

2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకతల కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. పథకాన్ని అమలు చేసే యంత్రాంగం నుంచి తనిఖీ యంత్రాంగాన్ని వేరు చేయడం దీని ముఖ్యోద్దేశం. 2011లో కేంద్రం కాగ్‌ను సంప్రదించి ఉపాధి హామీ పథకానికి ప్రత్యేక ఆడిట్ నిబంధనలు జారీ చేసి, స్వతంత్ర సామాజిక తనిఖీ విభాగాన్ని, ప్రతి గ్రామ పంచాయతీలో ఆరు నెలలకొకసారి తనిఖీని అన్ని రాష్ట్రాలకూ విధించింది. ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆ నిబంధనలకు దారి చూపిందనడం అతిశయోక్తి కాదు. అయితే తనిఖీలలో వెలుగుచూసిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్ది భాగమే. తప్పు కనుగొనడం ఒక ఎత్తు, రాబట్టడం మరొక ఎత్తు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది.

2021 తరువాత

కేంద్ర ప్రాయోజిత పథకాల నిధులు అనేక బ్యాంకు ఖాతాలలో ఖర్చు కాకుండా నిలిచిపోవడం చిరకాల సమస్య. కేంద్ర ఆర్థిక శాఖ 2021 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వులు ఆ ఏడాది జూలై 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక్కొక్క పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, ఒకే ప్రధాన ఖాతా ఉండాలి. కింది స్థాయి కార్యాలయాలు నిల్వ లేని ఖాతాల ద్వారా, తమకు నిర్ణయించిన పరిమితి మేరకు చెల్లింపులు జరపాలి. కేంద్రం ఒక్కసారికి ఏడాది కేటాయింపులో 25 శాతానికి మించి విడుదల చేయదు. విడుదలైన దానిలో కనీసం 75 శాతం వినియోగమైతేనే తదుపరి విడత. 2023 నుంచి, చెల్లింపు అవసరమైన క్షణానే ఖజానా నుంచి సొమ్ము కదిలే పద్ధతిని కొన్ని పథకాలలో ప్రవేశపెట్టారు.

గ్రామీణులకు నేరుగా తగిలినది మాత్రం 15వ ఆర్థిక సంఘం షరతులు. 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు కట్టుబడిన నిధి. మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడవచ్చు గానీ జీతాలకు, సిబ్బంది ఖర్చులకు వాడరాదు. ఒక పంచాయతీకి పది లక్షలు వచ్చాయనుకుంటే మూడు లక్షలు నీటికి, మూడు లక్షలు పారిశుద్ధ్యానికి పోగా, పంచాయతీ స్వయంగా నిర్ణయించుకోగలిగినది నాలుగు లక్షలు.

గ్రాంటు పొందడానికి ముందు సంవత్సరపు తాత్కాలిక లెక్కలు, అంతకు ముందు సంవత్సరపు ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ప్రజలకు అందుబాటులో ఉండాలని సంఘం నిర్దేశించింది. మొదటి రెండేళ్లు రాష్ట్రంలోని కనీసం 25 శాతం సంస్థలు ఈ షరతు నెరవేరిస్తే సరిపోయేది. 2023-24 నుంచి ఎన్ని సంస్థలు నెరవేరిస్తే అన్నింటి వాటా మాత్రమే రాష్ట్రానికి వస్తుందని స్పష్టం చేసింది. 2020 ఏప్రిల్‌లో ఆరంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్, ఆడిట్ ఆన్‌లైన్ పోర్టళ్లు ఇందుకు సాధనాలైనాయి. నగదు పుస్తకం రాయడంలో పంచాయతీ కార్యదర్శి చేసిన ఆలస్యం ఇప్పుడు ఊరి నీళ్ల పైపులకు తగిలే విషయమైంది.

మరొక షరతు, స్థానిక సంస్థలకు ఎన్నికైన పాలకవర్గాలు ఉండాలన్నది. తెలంగాణలో 2019లో ఎన్నికైన పంచాయతీ పాలకవర్గాల పదవీకాలం 2024 ఫిబ్రవరి ఆరంభంలో ముగిసి ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. 2025 డిసెంబర్‌లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగే వరకు అది కొనసాగింది. ఈ కాలంలో ఆర్థిక సంఘం గ్రాంట్లు నిలిచిపోవడంతో పారిశుద్ధ్యం, వీధి దీపాలు, ట్రాక్టర్ల డీజిల్ వంటి నిత్యావసర వ్యయం పంచాయతీలకు భారమైంది. లెక్కలు సకాలంలో అప్‌లోడ్ చేసిన కార్యదర్శి ఊరికీ, చేయని కార్యదర్శి ఊరికీ ఒకే ఫలితం దక్కింది. షరతును నిధికి ముడిపెట్టడం క్రమశిక్షణ తెస్తుంది. ఆ షరతు నెరవేర్చడం గ్రామం చేతిలో లేనప్పుడు భారం మాత్రం గ్రామం మీదనే పడుతుంది. నిబంధనల తదుపరి సవరణలలో పరిశీలించదగిన అంశమిది.

ఆడిట్ అయిన లెక్క ఆన్‌లైన్‌లో చేరిందంటే అభ్యంతరాలు లేవని అర్థం కాదు. ఆడిట్ జరగడమే షరతు. అభ్యంతరం పరిష్కారం కావడం కాదు. ఓచరు లేని చెల్లింపు, కొలతల పుస్తకంలో నమోదు కాని పని, జమ చేయని పన్ను మినహాయింపు వంటి అభ్యంతరాలకు పంచాయతీ సమాధానం ఇవ్వాలి. సమాధానం సంతృప్తికరమైతే ఆ పేరా ముగుస్తుంది, లేనిచో తరువాతి ఏడాది నివేదికలోకి బదిలీ అవుతుంది. పదేళ్ల నాటి పేరా నేటి నివేదికలో కనిపిస్తే, ఆనాటి సర్పంచ్, కార్యదర్శి ఇద్దరూ ఆ ఊరిలో ఉండరు.

గ్రాంటుపై వార్త రాసే పాత్రికేయులు మంజూరు ఉత్తర్వు, వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ నివేదిక అనే మూడు పత్రాలను పక్కపక్కన ఉంచి చూడడం మేలు. మొదటి దానిలో ప్రయోజనం, రెండవ దానిలో ఖర్చు, మూడవ దానిలో వ్యత్యాసం తెలుస్తాయి. పంచాయతీల జమాఖర్చులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో, శాసనసభకు సమర్పించిన నివేదికలు కాగ్ వెబ్‌సైట్‌లో లభిస్తాయి. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలను ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే ప్రకటించాలి. ప్రకటించని పక్షంలో సంబంధిత పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేసి వినియోగ ధ్రువపత్రం నకలు పొందవచ్చు.