పాళెము: కొండసీమలో గుఱ్ఱపుదండుల విడిది

తెలుగుదేశమున 'పాళెము' అను మాటతో ముగియు గ్రామనామములు వందలకొలది కలవు. అరవనాట అదియే 'పాళైయం', కన్నడసీమలో 'పాళ్య'. నేడీ మాట వినినవారి మనస్సునకు పొలములు, పెంకుటిండ్లు, ఊరిచివరి చెఱువు తోచును. కాని పాళెమనగా మొదట దండు విడిసిన చోటు. పాళెగాడు ఆ విడిదికి నాయకుడు. మధుర, దిండుగల్లు, తేని ప్రాంతములలో తరతరములుగా ఇంట తెలుగు మాటాడుచున్న కుటుంబములవారు తమ యూరిని పాళైయమని పిలుచునపుడు, ఎఱిగియో ఎఱుగకయో, ఒకనాటి గుడారములను తలచుచున్నారు. ఆ గుడారముల ప్రక్కను మేకులకు కట్టియుండిన గుఱ్ఱములను గూర్చి ఈ వ్యాసమున కొంత విచారింపదలచితిని. మన చరిత్రకారులు రౌతు కత్తిని వర్ణించినంతగా రౌతు గుఱ్ఱము ఏమి తిన్నదో, ఎచట నీరు త్రాగినదో వ్రాయలేదు.

పాళెగాండ్ర వంశావళులు పెక్కులు కర్నల్ మెకంజీ సేకరణమున చేరినవి. వానిలో కొన్ని తరువాత మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారము మూలమున అచ్చుపడినవి. మూలపురుషుడు ఉత్తరమునుండి వచ్చుట, ఏదో సాహసకార్యము చేయుట, రాజు మెచ్చి భూమి నిచ్చుట, ఇదియే వానిలో తఱచుగా కనబడు కథ. దానిని త్రోసివేయుట నా యుద్దేశము కాదు. శౌర్యము భూమిని సంపాదించియుండవచ్చును. అయితే ఆ భూమి ఫలానా కొండ మొదటనే, ఫలానా కనుమ నోటనే ఏల యుండవలసివచ్చెనో శౌర్యము చెప్పజాలదు. దానికి సమాధానము గడ్డిలోను, నీటిలోను వెదకవలెనని నా తలంపు.

దక్షిణదేశము గుఱ్ఱములకు పుట్టినిల్లు కాదు. 13వ శతాబ్ది చివర పాండ్యదేశమును చూచిన మార్కోపోలో, హొర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి ఏటేట వేలకొలది గుఱ్ఱములు వచ్చుచుండెననియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో నూఱైనను మిగులుట అరుదనియు వ్రాసెను. గుఱ్ఱములకు ఉడికించిన మాంసమును అన్నముతో కలిపి పెట్టెడివారట! గుఱ్ఱపువైద్యము తెలిసినవారు ఇచటికి రాకుండ వర్తకులే అడ్డుపడుచుండిరని కూడ ఆయన చెప్పెను. వర్తకుని లాభము గుఱ్ఱము చచ్చుటలోనే యున్నదన్నమాట. విజయనగరకాలమునకు గూడ పరిస్థితి అంతగా మాఱలేదు. సాళువ నరసింహరాయలు గుఱ్ఱములను బ్రతికినవానిని చచ్చినవానిని ఒకే వెలకు కొనెడివాడనియు, సముద్రముమీద చచ్చినవాని తోకను తెచ్చి చూపినను సొమ్ము ముట్టెడిదనియు పోర్చుగీసువాడగు నూనిజ్ వ్రాసినాడు. మనవారు ఓఢ్రరాజును గజపతి యనిరి, తురుష్కప్రభువును అశ్వపతి యనిరి, విజయనగరాధీశుని నరపతి యనిరి. మన బలము కాలిబంట్లయందున్నదని ఒప్పుకొనుట వంటిదే ఈ బిరుదు. అంత వెలపెట్టి తెచ్చిన జంతువును మైదానమున బ్రతికించుటయే కష్టమైనపుడు కొండసీమలో విడియించుట ఎంత పనియో ఊహింపవచ్చును.

గుఱ్ఱము ఎద్దువంటిది కాదు. ఎద్దు మేసి, పండుకొని, నెమరువేసి, దొరికినదానితో తృప్తిపడును. గుఱ్ఱమునకు నెమరు లేదు, కడుపు చిన్నది, కొంచెముకొంచెముగా దినమంతయు మేయవలెను. పని చేయు గుఱ్ఱమునకు గడ్డి చాలదు, దాణా కావలెను. మన దేశమున ఆ దాణా ప్రధానముగా ఉలవలు. వానిని నానబెట్టియో ఉడికించియో పెట్టవలెను. ఎండుగింజలను ఆబగా తిన్నచో కడుపునొప్పి పట్టును. రాత్రి కట్టుటకు అగాడి పిచ్చాడి యను పద్ధతి కలదు: మెడత్రాటిని ముందువైపున ఇరుప్రక్కల రెండు మేకులకును, వెనుకకాళ్ళ త్రాటిని వెనుకనున్న మేకునకును బిగింతురు. దీనికి చదునైన నేల, మేకు దిగునంత మెత్తని మన్ను కావలెను. కొండవాలున ఇవి రెండును దొరకవు. ఱాతినేలలో మేకు నిలువదు. ఒక గుఱ్ఱము త్రాడు తెంచుకొన్నచో తక్కినవన్నియు బెదరును. పైయడవిలో తేమ యెక్కువ. జలగలు, దోమలు, ఆపై పులిభయము. పచ్చగా కనబడు గడ్డియంతయు మేతకు పనికివచ్చునది కాదు. లాడము ఊడినచో కొట్టువాడుండడు. కావుననే కొండదారులలో అరబ్బు గుఱ్ఱముకంటె పొట్టి తట్టువయే మేలని అనుభవజ్ఞులందఱు నెఱిగినదే. అది అందముగా నుండదు, ఏ కవియు వర్ణింపలేదు, కాని బ్రతుకును.

కొండదుర్గము నెదుట పెద్దదండు విడిసినపుడు ఏమగునో ఉదయగిరి ముట్టడి చూపుచున్నది. నేటి నెల్లూరుజిల్లాలోని ఈ దుర్గము మూడువేల అడుగులకు మించిన కొండమీదిది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో దీనిని ముట్టడించి, 1514లో గాని పట్టుకొనలేదు. ఏడాదిన్నర పట్టెనని నూనిజ్ లెక్క. కోటకు పోవుదారి ఒకరివెనుక నొకరు నడువదగినంత యిఱుకైనది. రాయలు కొండబండలను పగులగొట్టించి వెడల్పైన దారులను వేయించిన పిదప గాని సైన్యము గోడలను సమీపింపలేకపోయెను. కోటలో పట్టువడిన గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయడు; పేరులోనే రౌతుతనమున్నది. కాని ఆ ముట్టడిలో పని సాగించినవి గుఱ్ఱములు గావు, గడ్డపారలు. ఏడాదిన్నరకాలము ఆ కొండ మొదట పడియున్న అశ్వదళమును ఎవరు మేపిరి? చుట్టుప్రక్కల గ్రామములు ఎన్ని గడ్డివాములను కోలుపోయినవి? ఉదయగిరినుండి రాయలు తెచ్చిన బాలకృష్ణవిగ్రహమును గూర్చియు, హంపిలో దానికి కట్టించిన ఆలయమును గూర్చియు శాసనము కలదు. గడ్డికోతవారిని గూర్చి శాసనము లేదు.

ఈ ప్రశ్నకు కొంత సమాధానము మఱియొక దండయాత్రలో దొరకును. 1520లో రాయచూరుమీదికి పోయిన రాయల దండులో 32,400 గుఱ్ఱములును 551 ఏనుగులును ఉండెనని నూనిజ్ వ్రాసి, వీనికి దినదినము ఎంత గడ్డి కావలెనో తలచుకొని అబ్బురపడినాడు. ఆ విడిది వీథులుగా తీర్చిన పట్టణమువలె నుండెను. ఒక్కొక్క నాయకుని భాగమునకు వేఱువేఱు అంగళ్ళు. రాజు గుడారముల చుట్టును ముండ్లకంచె, దానికి ఒకేయొక వాకిలి. రాత్రియంతయు తిరుగు కావలివారు. దారిపొడవున తోలుతిత్తులతో నీరు పోయుటకు 12,000మంది వఱకు మనుష్యులు. ఈ సంఖ్యలలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. ఉన్నను లెక్క కట్టిచూతము. గుఱ్ఱమునకు దినమునకు 7 కిలోల ఎండుగడ్డి చొప్పున 2,26,800 కిలోలు. 30 లీటర్ల నీటి చొప్పున 9,72,000 లీటర్లు. ఒక్కొక్క పెరికయెద్దు నూఱు కిలోలు మోయుననుకొన్నను, గడ్డికొఱకే దినమునకు 2,268 ఎడ్లు రావలెను. అది కృష్ణా తుంగభద్రల నడిమి విశాలమైన సీమ. ఎడ్లకు దారి కలదు, గ్రామములు కలవు. ఇంతటి దండు పళనికొండలలోనో వరుసనాడు కొండలలోనో మూడుదినములైనను నిలువజాలదు. శత్రువు వచ్చి చంపనక్కఱలేదు, ఆకలియే చంపును.

కాబట్టి కొండసీమను ఏలవలెనన్నచో దండును ముక్కలు చేయవలెను. ఒక్కొక్క చోట కొలదిమంది రౌతులు, వారికి చుట్టును బంట్లు. కొండదిగువ ఏఱు ఎండక పాఱుచోట, బీడు మేతకు చాలునంత యున్నచోట, కనుమను కాచుటకు వీలైనచోట స్థిరముగా విడియవలెను. మధురలో విశ్వనాథనాయకుడు క్రీ.శ. 1529 ప్రాంతమున అధికారమునకు వచ్చిన పిమ్మట దళవాయి అరియనాథ ముదలియారు సహాయమున రాజ్యమును పాళెములుగా విభజించెననియు, మధురకోట 72 కొత్తళములకు 72 పాళెములు ఏర్పడెననియు వాడుక. సంఖ్య సంప్రదాయసిద్ధమైనదే కాని, ఏర్పాటు నిజమైనది. పిలిచినపుడు సేనతో రావలెను, మిగిలిన కాలమున తన సీమను కాచుకొనవలెను, తన గుఱ్ఱమును తానే మేపుకొనవలెను. ఈ చివరిమాట శాసనములలో కనబడకపోయినను ఏర్పాటునకు ప్రాణమదియే. రాజు ధాన్యాగారమునుండి మేత పంపవలసిన పని తప్పినది.

ఇప్పుడు నేటి దిండుగల్లు, తేని జిల్లాల పటమును చూడుడు. బోడినాయకనూరు పడమటికనుమల పాదమున, మలయాళదేశమునకు పోవు దారి మొదట నున్నది. ఉత్తమపాళైయము కంబముపల్లములో నున్నది; పేరులోనే విడిది కలదు. ఎరసక్కనాయకనూరు, తేవారము కొండయంచున. గండమనాయకనూరు వరుసనాడు కొండల దిక్కున. విరూపాక్షి పళనికొండల మొదట. ఆ పేరు హంపిని తలపింపక మానదు. అమ్మయనాయకనూరు సిరుమలకు దాపున. ఇవి ఒకప్పటి పాళెముల వరుస. కొండ ఒక ప్రక్క, బీడు ఒక ప్రక్క, నడుమ నీరు. ఊరి పేర్లు నాయకుల పేర్లు. మొదట విడిసినవాని పేరే విడిదికి నిలిచినది.

ఈ సీమలోని తెలుగు పాళెగాండ్రలో రాజకంబళమువారు ముఖ్యులు. వీరు పూర్వము పశువులను కాచి బ్రతికినవారు. దేవుని పేర విడిచిన ఆలమందను నేటికిని పోషించుచు, పండుగనాడు ఆ ఎద్దులను పరుగెత్తింతురు. తమ పూర్వులు తరుముకొనివచ్చిన తురుష్కులనుండి పాఱివచ్చునపుడు ఏఱు అడ్డుపడగా, రెండు గట్టులనున్న కానుగచెట్లు వంగి వంతెన యైనవని వీరి కథ. ఆ కథలో చెట్టున్నది, ఏఱున్నది, గుఱ్ఱము లేదు. ఇది నాకు విశేషముగా తోచును. పసులకాపరికి గడ్డి తెలియును: ఏ నెలలో ఏ వాలు పచ్చబడునో, ఏ ఊట వేసవిలో ఎండదో అతడెఱుగును. ఆ తెలివి కలవానిచేతికే కొండదిగువ విడిది చిక్కుటలో వింత లేదు. గుఱ్ఱము అతని యింటికి తరువాత వచ్చిన చుట్టము.

నా వాదమునకు తిరునెల్వేలిసీమ కొంత అడ్డు తగులుచున్నదని దాచక చెప్పవలెను. అచట పడమటికనుమల పాదమున శివగిరి, సింగంపట్టి వంటి మఱవర్ పాళెములుండగా, ఎట్టయపురము, పాంచాలంకుఱిచ్చి మున్నగు తెలుగు పాళెములు తూర్పున నల్లరేగడిలో నున్నవి. కొండదిగువ భూమి ముందే మఱవర్ చేతిలో నుండుట దీనికి కారణము కావచ్చును. నల్లరేగడిలో జొన్నచొప్పకు కొదువ లేదు. పొడినేల గుఱ్ఱపుగిట్టకు హితమే. కొండ లేకున్నను మేత సూత్రము చెడలేదని నేననుకొందును. చదువరులు ఒప్పుకొనకపోవచ్చును.

తుపాకులు, కంపెనీ కవాతు వచ్చిన పిదప పాళెముల బలము తగ్గినది. దిండుగల్లుసీమ 1755లో హైదరు చేతికిని, 1792 సంధివలన కంపెనీ చేతికిని వచ్చినది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మని కయత్తాఱులో ఉరితీసిరి. విరూపాక్షి గోపాలనాయకుడు కొండలను ఆశ్రయించి పోరాడి 1801లో పట్టువడి ప్రాణము గోలుపోయెను. ఆ యేడు డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు, పాళెగాండ్రు ఆయుధములను విడువవలెనని ప్రకటించెను. వారి కోటలు నేలమట్టమైనవి. బ్రతికినవారు 1803నాటి ఏర్పాటుతో జమీందారులైరి. జమీందారునకు గుఱ్ఱము ఊరేగింపునకు మాత్రమే కావలెను. పాళెము ఊరైనది.

అయినను విడిది పూర్తిగా మాయము కాలేదు. 1845లో అమెరికను మిషనరీలు కోడైకెనాలులో ఇండ్లు కట్టుకొన్న తరువాత, మొదటి ప్రపంచయుద్ధకాలమున మోటారుబాట ఏర్పడువఱకు, కొండ నెక్కువారందఱు రైలుదారి వచ్చిన పిమ్మట అమ్మయనాయకనూరు స్టేషనులో దిగెడివారు. అదియే నేటి కోడైకెనాల్ రోడ్డు స్టేషను. అచటినుండి ఎడ్లబండిమీద పెరియకుళము మీదుగా కొండ మొదటనున్న ఒక మామిడితోపు చేరి, విశ్రమించి, తట్టువలనో డోలీలనో కుదుర్చుకొని గుఱ్ఱపుబాట పట్టెడివారు. ఆ తోపు పేరు కృష్ణమనాయకుని తోపు. నీడ, నీరు, చదునైన నేల, కనుమ నోరు: పాత పాళెమునకు ఏమేమి కావలెనో అవన్నియు అచట కలవు. తెల్లదొరలు తాము క్రొత్తగా చోటు కనిపెట్టితిమనుకొనిరి కాబోలు! ఆ బాటమీదనే యున్న వెళ్ళగవి యను గ్రామమునకు ఇటీవలి సంవత్సరములవఱకు బండిదారి లేదు. ఉప్పు, బియ్యము గుఱ్ఱములమీద ఎక్కెడివి. కాఫీగింజలు, పండ్లు అవే గుఱ్ఱములమీద దిగెడివి. అవి పొట్టి తట్టువలే.