బాస్టెట్ (ఆట)

బాస్టెట్ టెట్రిస్‌కు అనుకరణగా సీ++ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ ఆట. లైనక్స్ కన్సోల్‌లో, ఎన్‌కర్సెస్ లైబ్రరీ సాయంతో, అక్షరాల తెరమీదే నడుస్తుంది. ఆ రకంగా మూలానికి దగ్గరే: 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ఎలెక్ట్రానికా 60 యంత్రంపై తొలి టెట్రిస్‌ను బ్రాకెట్ గుర్తులతోనే గీశాడు.

తేడా అంతా ముక్కల ఎంపికలో ఉంది. మామూలు టెట్రిస్ వాటిని అదృష్టానికి వదిలేస్తుంది. బాస్టెట్ మాత్రం ఏడు ముక్కల్లో ఒక్కొక్కటి ఎక్కడ బాగా ఇముడుతుందో లెక్కగట్టి, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేదాన్నే ఎక్కువసార్లు పడేస్తుంది. నిలువు గుంట వదిలి పొడుగు కడ్డీ కోసం కాచుక్కూర్చున్నవాడికి అది దక్కడం అరుదు. పేరు ఈజిప్టు పిల్లి దేవతదిలా వినిపించినా, నిజానికది ఒక ఇంగ్లీషు తిట్టునూ టెట్రిస్‌నూ అతికిన పొట్టి మాట. జీపీఎల్ లైసెన్సుతో వచ్చే ఈ ఆట డెబియన్‌లో ఉచితంగా దొరుకుతుంది.