రెండు గీతల మధ్య

మే నెల. మధ్యాహ్నం ఒంటిగంట. కదిరి దగ్గరి పల్లె. మంగంపేట ముగ్గురాయి గనుల పక్కన పుట్టి పెరిగినవాడివి, ఎండ నీకు కొత్త కాదు. గని అంచున నిలబడితే ముఖానికి కొట్టే సెగ నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా అత్త షెడ్డు ముందు చెప్పులు విడిచి, బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపల అడుగు పెట్టగానే వేరే ఊరికి వచ్చినట్టుంది. చల్లన. చెమ్మ. పచ్చి ఆకు వాసన.

పైన వాన పడుతున్నట్టు చప్పుడు. తలెత్తి చూస్తావు. రేకుల మీద వాన లేదు. చప్పుడు నీ నడుము ఎత్తులోనే ఉంది. వరుసగా కట్టిన అరల మీద దాదాపు 80 వేల పట్టుపురుగులు మల్బరీ కొమ్మల్ని నములుతున్నాయి.

ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటావు. వేలంత ఉంది. తెల్లగా, నున్నగా, చల్లగా. దానికి సొంత వేడి లేదు. గది ఎంత వేడి ఉంటే అదీ అంతే.

"నాలుగు జ్వరాలు దాటినాయి" అంటుంది అత్త. జ్వరమంటే ఒళ్ళు కాలడం కాదు. పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండి కుబుసం విడిచే రోజు. ఇప్పుడివి చివరి దశలో ఉన్నాయి. పురుగు తన జన్మలో తినే మేతలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఈ వారంలోనే తింటుంది. అందుకే చేతికి అందే దశలో పోయే పురుగు మేతనంతా మింగి మరీ పోతుంది.

గోడ మీద పక్కపక్కన రెండు థర్మామీటర్లు వేలాడుతున్నాయి. ఒకటి మామూలుది. రెండోదాని అడుగున తడిగుడ్డ చుట్టారు. మొదటిది 27. రెండోది 23.

"రెండు గీతల మధ్య నాలుగు ఎడం ఉండాది సూడు, అదే మనకు కావాల్సింది. గాలిలో తడి నూటికి డెబ్బై కాడ ఉన్నట్టు. చాకీ పిల్లలకైతే, అంటే చిన్న పురుగులకైతే, వేడి 27, 28 ఉండాల, తడి 85 పైన ఉండాల. పెద్దయ్యే కొద్దీ రెండూ తగ్గించాల. ఇప్పుడు 24, 25 ఉంటే మేలు. మే నెలలో మనకు అదెక్కడ దొరుకుతాది?"

కూలర్ హోరెత్తుతోంది. అవతలి గోడకున్న ఫ్యాను లోపలి గాలిని బయటికి తోస్తోంది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. బయట 41.

1:20. కరెంటు పోయింది.

హోరు ఆగింది. నమిలే చప్పుడు ఒక్కటే మిగిలింది. అత్త బయట ఆకు దించుతోంది. షెడ్డులో నువ్వొక్కడివే.

పావుగంట. 29. చెమట మెడ మీద కారుతోంది కానీ ఆరడం లేదు.

నీకు తోచింది చేస్తావు. బక్కెట్ తీసుకుంటావు. నేల మీద నీళ్ళు చిలకరిస్తావు. గోడకు వేలాడే గోనె సంచుల్ని ముంచుతావు. మంగంపేటలో ఇంటి ముందు వేసవి సాయంత్రం చేసే పనే ఇది.

మళ్ళీ చూస్తావు. 31. రెండోది 29.

ఎడం రెండే.

ఊపిరి బరువుగా ఉంది. ఆకులో ఉండేదే ముప్పావు వంతు నీళ్ళు. అది పురుగుల ఊపిరిలోంచీ, పెంటలోంచీ, వాడిన కొమ్మల్లోంచీ గాలిలోకి చేరుతోంది. నువ్వు పోసినదీ దానిలో కలిసింది. పోవడానికి దారి లేదు.

నమలడం తగ్గింది.

ఒక పురుగును తాకుతావు. మెత్తగా ఉంది. ఇందాకటి బిగువు లేదు.

మళ్ళీ బక్కెట్ ఎత్తుతావు.

"వద్దప్పా!" అత్త గుమ్మంలో ఉంది. "ఇంకా తడి చేస్తావా? ముందు కిటికీ తెరువు!"

బయట 41 ఉంది కదా? అడిగేంత సమయం లేదు. పడమటి గడియ లాగుతావు. వేడిగాలి ముఖాన కొడుతుంది. కిటికీకి దోమతెర ఉంది, అదీ తీసేయాలా?

"తెర ముట్టుకోవద్దు! ఊజీ ఈగ వస్తాది."

ఈ ఈగ పెద్ద పురుగుల ఒంటి మీద గుడ్లు పెడుతుంది. దాని పిల్ల లోపల పెరిగి గూడుకు చిల్లి చేసుకుని బయటికి వస్తుంది. తెర అలాగే ఉంచుతావు.

గోనెలు తెచ్చి పడమటి కిటికీకి, తెర బయటి వైపు కడతావు. ఇప్పుడు నీళ్ళు పోస్తావు. అక్కడే. అంతే. తూర్పు కిటికీలు తెరుస్తావు. పొడిగాలి తడి గోనె గుండా వస్తుంది. చల్లబడి వస్తుంది. అరల మీదుగా సాగుతుంది. అవతలికి పోతుంది.

సంచిలో నిలిచిన నీటికి చల్లదనం లేదు. అది గాలిలోకి ఎగిరిపోయేటప్పుడే చల్లదనం పుడుతుంది. రాయలసీమ గాలి పొడిగా ఉంటుంది కాబట్టే ఇక్కడ ఈ పని జరుగుతుంది. నువ్వు కిటికీలు తెరవకుండా ఆ పొడిగాలినే బయట నిలబెట్టావు.

అత్త ఒత్తుగా ఉన్నచోట పురుగుల్ని పలచగా సర్దుతుంది. పడక మీద సున్నం పొడి చల్లుతుంది. రెండు గంటల మేత తోట నుంచి తడిసిన ఆకుతో వచ్చింది. "ఆరనీ. ఇప్పుడు వెయ్యద్దు."

30, 27.

29, 25.

నాలుగింటికి 28, 24. ఎడం నాలుగు. వాన చప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

మెత్తబడి నల్లగా మారుతున్నవాటిని పట్టకారుతో ఏరి, బ్లీచింగ్ నీళ్ళ గిన్నెలో వేస్తావు. 63. అత్త లెక్క అడగదు. గిన్నె తీసుకుని దూరంగా గుంట తీసి పూడ్చి వస్తుంది.

మూడో రోజు పురుగు పండింది. ఒళ్ళు పసుపు ఛాయ తిరిగింది, లోపలి వెలుగు బయటికి కనిపిస్తోంది. ఏరి, గూళ్ళు కట్టుకునే చంద్రికల మీద వేస్తున్నారు. గూడు కట్టబోయే ముందు ప్రతి పురుగూ ఒక చుక్క నీరు విడుస్తుంది. 80 వేల చుక్కలు. అత్త గోనెలన్నీ విప్పించింది. ఇప్పుడు తడి ఎక్కువైతే దారం దారానికి అంటుకుంటుంది. హిందూపురం మార్కెట్‌కు పోయిన గూడు దారం తీసే బేసిన్‌లో సరిగా ఊడదు, దారం తెగుతుంది.

రాత్రి పదకొండు. మళ్ళీ కరెంటు పోయింది. ఫోన్ వెలుతురు గోడ మీద వేస్తావు. 27, 25.

బక్కెట్ నీ కాళ్ళ దగ్గరే ఉంది. నీ చెయ్యి కిటికీ గడియ మీదికి పోతుంది.