కవిలె ఎవరి చేతిలో ఉన్నది?

ప్రభుత్వ రూపాలను పోల్చేవారు తరచు ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు: ఏలేది ఒక్కరా, కొందరా, అందరా? అరిస్టాటిల్ కూడా ఈ లెక్కతోనే మొదలుపెట్టాడు. కాని అక్కడ ఆగలేదు. ధనికులు ఏలితే ఒక రాజ్యం, పేదలు ఏలితే మరొక రాజ్యం. ఏలేవారి సంఖ్య కేవలం యాదృచ్ఛికమన్నాడు. ఈ మాటను మన ప్రాంతపు చరిత్రకు అన్వయించి చూద్దాం.

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండమీద బౌద్ధ గుహలున్నాయి. అక్కడి ఒక స్తంభశాసనం కళింగ మహిషకాధిపతి అయిన మహామేఘవాహన సిరిసద మహారాజును పేర్కొంటుంది. శాసనం వేయించింది మాత్రం రాజు కాదు, ఆయన లేఖకుడు చుళగోముడు. మండపం దానం చేసినవాడు అతడే. రాజుగారి లెక్క రాసేవాడికి మండపం కట్టించే స్తోమత ఉన్నది! సుమారు రెండువేల ఏళ్లనాటి ఈ రాతి సాక్ష్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

అదే కొండమీద మరొక పాలనారూపం కూడా ఉండేది. వినయ నియమాల ప్రకారం భిక్షుసంఘం సభ తీర్చి నిర్ణయం చేయాలి. భేదం వస్తే శలాకలు పంచి అభిప్రాయం తీసుకోవాలి. గొప్ప ప్రజాస్వామిక పద్ధతే. అయితే సంఘం తాను పండించుకోదు. దాని కూడు దాతలది; దాతల సంపద కింది పొలాల్లో చెమటోడ్చిన వాళ్లది. ఆ సభలో వాళ్లకు శలాక లేదు. సమానత్వం గుహ వాకిలి దగ్గరే ఆగిపోయింది.

తరువాత శాలంకాయనులు, ఆపైన తూర్పు చాళుక్యులు వేంగి నుండి ఏలారు. చాళుక్యుల తామ్రశాసనాల్లో రాజు తన ఆజ్ఞను రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులకు, అంటే ఊళ్లలోని భూమిగల గృహస్థులకు, వినిపిస్తాడు. ఆజ్ఞ ఒకరిదే, అమలు కొందరిది. రాచరికమంటే ఒక్కడి పాలన అనుకోవడం పొరపాటని ఆ రాగిరేకులే చెబుతున్నాయి.

1802లో కంపెనీ ప్రభుత్వం శాశ్వత పరిష్కారాన్ని మదరాసు రాజధానిలో ప్రవేశపెట్టింది. జమీందారు పేష్కష్ కడతాడు, రైతు శిస్తు కడతాడు. ఆ ఏడాదే కరణాలపై వేరొక రెగ్యులేషన్ చేసింది: కరణాన్ని నియమించేది జమీందారైనా, న్యాయస్థానం తీర్పు లేకుండా తొలగించరాదు. ఎందుకు? గ్రామ కవిలె మీద పట్టు లేనిదే ప్రభుత్వపు ఆదాయం నిలవదని దొరలు గ్రహించారు. 1937-38లో ఇచ్ఛాపురం నుండి మదరాసుదాకా సాగిన రైతు రక్షణ యాత్ర వంటి పోరాటాల ఒత్తిడి పెరిగి, 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. జమీందారు పోయాడు, వంశపారంపర్య కరణం మిగిలాడు. ఊరికి ఓటు వచ్చింది గాని కవిలె రాలేదు.

గ్రామోద్యోగాల్లో వారసత్వానికిచ్చే ప్రాధాన్యం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రదేశపు మునసబు పదవి గురించినదే. 1984లో మునసబు కరణాల వ్యవస్థే రద్దయింది. ఇది నిస్సందేహంగా అభ్యుదయ చర్య. కాని కవిలె గ్రామసభకు రాలేదు. రెవెన్యూ శాఖకు పోయింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చినా, 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలుకు వచ్చినా అడంగలు పంచాయతీ చేతికి చిక్కలేదు. పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో భూసంస్కరణల అమలు ఉన్నది. అధికారాన్ని అప్పగించడం మాత్రం రాష్ట్ర శాసనసభ ఇష్టానికి వదిలారు.

ఇప్పటి సంగతి చూడండి. కౌలుదారు హక్కుల కోసమని 2019లో చేసిన చట్టం, పొలం యజమాని సంతకం ఉంటేనే సాగుదారుకు కార్డు ఇమ్మన్నది. దున్నేవాడి ఉనికికి దున్ననివాడి అనుమతి కావాలన్నమాట! 2023 అక్టోబరులో అమలుకు వచ్చిన భూ హక్కుల చట్టం హక్కు వివాదాలను సివిల్ కోర్టుల నుండి తప్పించి అధికారి చేతిలో పెట్టింది. ప్రజల్లో భయం పుట్టింది. అది 2024 ఎన్నికల్లో పెద్ద సమస్య అయింది. కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. రూపంలో అంతా ప్రజాస్వామ్యమే. అయినా ఒక్క కలంపోటుతో భూమి పోతుందేమోనని రైతు వణికాడంటే అధికారం ఎక్కడున్నదో అతడికి తెలుసు.

కవిలెను పంచాయతీకిస్తే ఊరి పెద్దలు మింగరా అని అడగవచ్చు. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. గ్రామం సంకుచితత్వానికి నిలయమని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగసభను హెచ్చరించారు. అందుకే కాగితం చేతులు మారితే చాలదు. ఏటా పంటకాలంలో అడంగలును గ్రామసభలో, కౌలుదారులూ కూలీలూ ఆడవాళ్లూ కూర్చున్నచోట, పేరుపేరునా బిగ్గరగా చదవాలి. అభ్యంతరం చెప్పినవాడి మాటను అక్కడే రాసుకోవాలి.

ఏలేవారెందరని అడిగే పాఠ్యపుస్తకాల ప్రశ్న పక్కన మన విద్యార్థులు మరొకటి రాసుకోవాలి: పండించేదెవరు, పంచేదెవరు, లెక్క రాసేదెవరు? ఈ ముగ్గురూ వేరువేరుగా ఉన్నంతకాలం ప్రభుత్వానికి ఏ పేరు పెట్టినా, అధికారం చుళగోముడి వారసుల దగ్గరే ఉంటుంది.